అడవి రాజ్యాలు మూడు, కంచెలు రెండు

చరిత్ర కార్యక్రమం అనగానే కాకతీయులో, విజయనగరమో అనుకుని రేడియో పెట్టుకున్నవాళ్ళు ఈ ఒక్కసారికి ఓపిక పట్టాలి. ఈరోజు నేను చెప్పబోయే రాజ్యాలు భూమ్మీద ఎక్కడా లేవు. అయినా వాటికి రాజులున్నారు, వంశవృక్షాలున్నాయి, తేదీలున్నాయి, సరిహద్దు చట్టాలున్నాయి, చివరికి ఒక భాష మీద నిషేధం కూడా ఉంది. ఇవన్నీ ఒక్క మనిషి, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి 1973లో కన్నుమూసే దాకా, రాసుకుంటూ కొట్టేసుకుంటూ మళ్ళీ రాసుకుంటూ తయారు చేసినవి. ఆయన జె.ఆర్.ఆర్. టోల్కీన్. ఆ రాజ్యాలు ఎల్ఫుల అడవి రాజ్యాలు.

ఎల్ఫులంటే ఎవరని పెద్దవాళ్ళు అడగొచ్చు. మన యక్షులకీ గంధర్వులకీ దగ్గరగా ఉంటారు గానీ సరిగ్గా వాళ్ళు కారు. చూడ్డానికి మనుషుల్లాగే ఉంటారు, ముసలితనం లేదు, రోగాలు లేవు, ఎవరైనా చంపితేనో, దిగులుతో కుంగి కృశిస్తేనో తప్ప చావు లేదు. ఈ చావు లేకపోవడమే వాళ్ళ అసలు కష్టం. చుట్టూ ఉన్నదంతా మారిపోతుంటే తాము మాత్రం మారకుండా చూస్తూ కూర్చోవాలి.

మా పెద్దమ్మాయికి పదేళ్ళు. సినిమా చూశాక ఒకటే ప్రశ్న: "నాన్నా, ఆ చెట్ల మీద ఊరు చివరికి ఏమైంది?" సినిమాలో దానికి జవాబు లేదు. పుస్తకంలో ఉంది, అదీ కథ అయిపోయాక వచ్చే అనుబంధాల్లో చిన్న అక్షరాల్లో. ఆ జవాబు వెతుకుతూ పోతే నాకు మూడు రాజ్యాలు ఎదురయ్యాయి. మూడూ అడవులే, మూడింటినీ ఏలింది ఎల్ఫులే. మూడింటి ముగింపులు మాత్రం ఒకలాగా లేవు.

అన్నిటికన్నా పాతది డోరియాత్. దీని కథ 'ద సిల్మరిలియన్' పుస్తకంలో ఉంది. తండ్రి పోయాక, 1977లో కొడుకు క్రిస్టఫర్ టోల్కీన్ ఆ కాగితాలన్నీ కూర్చి అచ్చు వేయించాడు. డోరియాత్ రాజు థింగోల్, రాణి మెలియన్. రాణి ఎల్ఫ్ కాదు, దేవతల కోవకు చెందిన మనిషి. (మనిషి అనకూడదేమో, సరే.) రాజధాని పేరు మెనెగ్రోత్, అంటే వేయి గుహలు. ఎస్గల్డూయిన్ నది ఒడ్డున కొండను తొలిచి కట్టారు. లోపలికి పోవాలంటే రాతి వంతెన ఒక్కటే దారి. అడవిలో పుట్టి పెరిగిన జనం గుహలో ఎలా ఉంటారంటే, స్తంభాలను బీచ్ చెట్లలాగా చెక్కించుకున్నారు, కొమ్మలతో ఆకులతో సహా. బంగారు దీపాలు, ఫౌంటెన్లు, గోడల నిండా జంతువులూ పక్షులూ. అడవిని రాతిలోకి అనువదించుకున్నారన్నమాట.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ పని చేసింది ఎల్ఫులు ఒక్కరే కాదు. బెలెగోస్త్ అనే ఊరి డ్వార్ఫులు వచ్చి చేశారు. డ్వార్ఫులంటే పొట్టిగా, గడ్డాలతో, కొండలు తొలిచి బతికే జాతి. వాళ్ళకు కూలి కింద థింగోల్ ముత్యాలిచ్చాడు. అందులో ఒకటి పావురం గుడ్డంత ఉండేదట, దానికి పేరు కూడా పెట్టుకున్నారు: నిమ్ఫెలోస్. రెండు జాతులు కలిసి కట్టిన కోట అది.

తర్వాత ఉత్తరాన యుద్ధం మొదలైంది. అప్పుడు మెలియన్ తన మంత్రశక్తితో అడవి చుట్టూ కంటికి కనపడని కంచె వేసింది. రాజుగారి అనుమతి లేకుండా, మెలియన్‌ను మించిన శక్తి ఉంటే తప్ప, ఎవరూ దాటలేరు. తోవ తప్పి తిరిగిన చోటే తిరుగుతుంటారు. కొన్ని వందల ఏళ్ళు డోరియాత్ ఆ కంచె వెనక హాయిగా బతికింది.

భాష మీద నిషేధం అన్నాను కదా, అది ఇక్కడే. సముద్రం అవతల నుంచి నోల్డోర్ అనే ఎల్ఫులు వలస వచ్చారు. వాళ్ళ భాష క్వెన్యా. వచ్చే ముందు రేవు పట్టణంలో ఓడల కోసం తమ సాటి ఎల్ఫులనే చంపి వచ్చారు. చచ్చినవాళ్ళు థింగోల్ చుట్టాలు. ఆ సంగతి తెలిసిన రోజున థింగోల్, తన రాజ్యంలో ఆ భాష వినపడకూడదని శాసించాడు. దాంతో వలస వచ్చినవాళ్ళంతా స్థానిక భాష సింధరిన్‌కు మారిపోయారు. క్వెన్యా దొరలు తమలో తాము మాట్లాడుకునే భాషగా, శాస్త్రాల భాషగా మిగిలింది. టోల్కీన్ దాన్ని ఎల్ఫుల లాటిన్ అన్నాడు. మనవాళ్ళకు సంస్కృతం అంటే సులువుగా అర్థమవుతుంది. ఒక్క తరంలో ఇంటి భాష పుస్తకాల భాష అయిపోవడం గురించి ఇక్కడ పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు.

డోరియాత్ ఆస్థానంలో డాయిరోన్ అనే గాయకుడు ఉండేవాడు. గొప్ప పండితుడు కూడా. రాతి మీద చెక్కడానికి వీలుగా గీతల లిపి ఒకటి తయారు చేశాడు, కిర్త్ అని. సొంత జనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టుకెళ్ళి వాడుకున్నది డ్వార్ఫులు. ఎల్ఫుల లిపి ప్రపంచమంతా తిరిగింది డ్వార్ఫుల ఉలి మీద.

ఇంత గట్టి కంచె ఉన్న డోరియాత్ పడిపోయింది లోపలి నుంచే. సిల్మరిల్ అనే ఒక రత్నం థింగోల్ చేతికి వచ్చింది. దాన్ని హారంలో పొదగమని ఈసారి నోగ్రోద్ ఊరి డ్వార్ఫులకిచ్చాడు. వాళ్ళకు ఆశ పుట్టింది, ఈయనకు నోరు జారింది, అవమానించాడు. రాజును ఆయన సొంత నేలమాళిగలోనే చంపేశారు. భర్త పోయాక మెలియన్ ఆ దేశంలో ఉండలేక వెళ్ళిపోయింది. ఆవిడతో పాటు కంచె పోయింది. తర్వాత రెండు దండయాత్రలు, ఒకటి డ్వార్ఫులది, రెండోది సాక్షాత్తూ ఎల్ఫులదే. అంతటితో డోరియాత్ సరి. ఆ యుగం చివర్లో ఆ నేల కూడా సముద్రంలో మునిగిపోయింది.

మా ఐటీ వాళ్ళకు ఇది బాగా తెలిసిన జబ్బు. మొత్తం సిస్టమ్ ఒక్క సర్వర్ మీద నడుస్తుంది, అందరూ మెచ్చుకుంటారు, బ్యాకప్ గురించి ఎవరూ అడగరు.

ఇక మా అమ్మాయి అడిగిన ఊరు. దాని పేరు కారాస్ గలాధోన్, రాజ్యం లోత్‌లోరియెన్. 1954, 55లలో మూడు సంపుటాలుగా వచ్చిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' లో ఉంది. చుట్టూ కందకం, పచ్చటి గోడ, లోపల కొండంత చెట్లు. ఆ చెట్ల మీద చెక్క అరుగులు, వాటిని తాలన్ అంటారు. గోడలుండవు, గాలి ఎటునుంచి వస్తే అటు ఒక తడిక పెట్టుకుంటారు. రాజుగారి సభ కూడా చెట్టు మీదే, నిచ్చెనెక్కి పోవాలి. కింద గలాడ్రియెల్ రాణి తోటలో వెండి పళ్ళెం ఒకటి, అందులో ఏటి నీళ్ళు పోస్తే జరిగినవీ, జరుగుతున్నవీ, జరగబోయేవీ కనిపిస్తాయి. ఏది ఏదో చెప్పడం మాత్రం కష్టం. కెరిన్ ఆమ్రోత్ అని ఒక గుట్ట ఉంది. పాతరాజు ఆమ్రోత్ ఇల్లు అక్కడుండేది. ఆయన మూడవ యుగం 1981లో ప్రియురాలిని వెతుక్కుంటూ సముద్రంలో దూకి పోయాడు. ఆ తర్వాతే గలాడ్రియెల్, ఆవిడ భర్త కెలెబోర్న్ ఏలికలయ్యారు.

ఇక్కడొక ముడి ఉంది, సినిమా వాళ్ళు దాన్ని విప్పి చూపలేదు. గలాడ్రియెల్ వయసులో ఉండగా డోరియాత్‌లో మెలియన్ దగ్గర చదువుకుంది. కెలెబోర్న్ థింగోల్ చుట్టం. అంటే లోత్‌లోరియెన్ కంచె కొత్తది కాదు, గురువు దగ్గర నేర్చిన విద్య. దానికి తోడు గలాడ్రియెల్ వేలికి నెన్యా అనే ఉంగరం ఉంది. దాని పని జయించడం కాదు, ఉన్నదాన్ని చెడిపోకుండా కాపాడడం. అందుకే ఆ అడవిలో కాలం నడిచినట్టు తెలియదు. కథానాయకులు అక్కడ నెల రోజులుంటే, బయటకొచ్చాక శామ్ నెలవంకను చూసి లెక్క తేలక తల గోక్కుంటాడు.

కంచెకు రెండో వైపు కూడా చూడాలి. డ్వార్ఫులను రాజ్యంలోకి రానివ్వకూడదని అక్కడ చట్టం. సరిహద్దు కాపలావాడు హాల్దిర్, గిమ్లీ అనే డ్వార్ఫు కళ్ళకు గంతలు కట్టాలంటాడు. ఒక్కడికే కడితే ఒప్పుకోనని గిమ్లీ మొండికేస్తే, కడితే అందరికీ కట్టమని అరగోర్న్ తీర్పు చెబుతాడు. సాటి ఎల్ఫ్ లెగొలాస్‌కి కూడా గంతలే. ఇరుగుపొరుగు భాషలు వచ్చినవాళ్ళు ఆ రాజ్యంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫలితం ఏమిటంటే, చుట్టుపక్కల దేశాల్లో అన్నీ పుకార్లే. అక్కడ మంత్రగత్తె ఉందని, లోపలికి పోయినవాళ్ళు బాగా బయటికి రారని. మంచివాళ్ళైన బోరోమిర్, ఎయోమెర్ లాంటివాళ్ళు కూడా నమ్మారు.

టోల్కీన్‌కి ఈ ఊరంటే ప్రాణం. అయినా 1954లో ఒక ఉత్తరంలో ఎల్ఫుల గురించి ఆయన కఠినంగానే రాశాడు. ఈ లోకంలోనే ఉండాలి, అది మారకుండానూ ఉండాలి అని కోరుకోవడం వాళ్ళ బలహీనత అనీ, శవాన్ని చెడిపోకుండా మందులు పూసి దాచే పని లాంటిదనీ ఆయన భావం. విమానం ఎక్కిన ఏడాది నాటి తెలుగునీ, ఆ ఏడాది సినిమా పాటల్నీ పట్టుకుని వేళ్ళాడే మా స్నేహితుల గుంపులో నేను ఈ మాట చదివి వినిపిస్తే ఒకాయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

ఈ మనిషికి ఆ కోరిక తెలియదని అనుకోకండి. 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటైన్‌లో పుట్టి, మూడేళ్ళ వయసులో తల్లితో ఇంగ్లండ్ వచ్చాడు. అక్కడే ఉండిపోయిన తండ్రి 1896లో పోయాడు. ఆ ఏడే వీళ్ళు బర్మింగ్‌హామ్ పక్కన సేర్‌హోల్ అనే పల్లెకు చేరారు. అక్కడి మర దగ్గర చెరువు మీదికి వాలిన విల్లో చెట్టు ఒకటి ఉండేది. ఎవరో దాన్ని నరికారు. నరికి ఏమీ చేయలేదు, దుంగ అలాగే పడి ఉంది. ముసలివాడయ్యాక కూడా ఆ సంగతి చెప్పుకున్నాడు. ఆ మర ఇప్పుడు మ్యూజియం. మిడ్‌లాండ్స్‌లో ఉన్నవాళ్ళు పిల్లల్ని తీసుకుని వెళ్ళొచ్చు.

మూడవ యుగం 3019 మార్చి 25న దుష్టుడి ఉంగరం నాశనమైంది. మంచివాళ్ళు గెలిచారు. కానీ నెన్యా శక్తి కూడా ఆ దుష్టుడి ఉంగరంతో ముడిపడి ఉంది, అదీ పోయింది. గలాడ్రియెల్‌కు ఇది ముందే తెలుసు. తెలిసే సాయం చేసింది. నాకు ఆవిడ మీద గౌరవం ఆ పళ్ళెం వల్ల కాదు, దీనివల్ల. 3021లో ఓడ ఎక్కి పడమటికి వెళ్ళిపోయింది. కెలెబోర్న్ కూడా కొన్నాళ్ళకు విసిగి రివెండెల్ చేరాడు. కారాస్ గలాధోన్‌లో కొద్దిమంది మాత్రం దిగులుగా మిగిలారు, దీపాలు లేవు, పాటలు లేవు. చాలా ఏళ్ళ తర్వాత అరగోర్న్ భార్య ఆర్వెన్ చనిపోవడానికి కెరిన్ ఆమ్రోత్‌కి వస్తే, పలకరించేవాళ్ళు లేని అడవి అది. ఒకప్పుడు, 2980లో, వాళ్ళిద్దరూ పెళ్ళి మాట ఇచ్చుకున్నది ఆ గుట్ట మీదే.

మూడో రాజ్యం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మిర్క్‌వుడ్‌లో థ్రాండూయిల్ రాజ్యం, 1937లో వచ్చిన 'ద హాబిట్' లోది. ఈయన తండ్రి ఓరోఫెర్ డోరియాత్ నుంచి వచ్చినవాడే. నేల కింది కోట కూడా మెనెగ్రోత్ తలపుతో కట్టిందే, కాకపోతే చిన్నది, బీదది. ఉంగరం లేదు, దేవత రాణి లేదు. కోట తలుపులకు మంత్రం ఉంది, అంతే. అడవిలో సాలీళ్ళు తిరుగుతుంటాయి. రాజుకు నగల పిచ్చి, డ్వార్ఫులంటే పడదు, దొరికితే కొట్లో వేస్తాడు. ఇంకా చెప్పాలంటే ఆయన బట్లర్ తాగి నిద్రపోతాడు.

కానీ ఆ కోట అడుగున ఒక ఏరు పారుతుంది, దాని మీద నీటి తలుపు. డోర్వినియన్ నుంచి వచ్చే ద్రాక్షసారా పీపాలు సరస్సు మీది మనుషుల ఊరి గుండా ఆ ఏటి వెంట వస్తాయి. ఖాళీ పీపాలు నీళ్ళలోకి తోసేస్తే తిరిగి వెళ్తాయి. 2941లో బిల్బో ఖైదీలను తప్పించింది ఆ పీపాల్లోనే. పిల్లలు అక్కడ నవ్వుతారు, నేను మాత్రం అది ఆ రాజ్యంలోకెల్లా ముఖ్యమైన కట్టడం అంటాను. అదే ఏడాది డ్రాగన్ ఆ సరస్సు ఊరిని తగలబెడితే, నిధి కోసం సేనతో బయల్దేరిన థ్రాండూయిల్ దారి మార్చి, ముందు తిండీ సామానూ వాళ్ళకు పంపాడు. కంచె ఉన్న రాజ్యాలకు ఇలాంటి పొరుగువాళ్ళు లేరు. 3019 మార్చిలో శత్రువు దాడి చేస్తే చెట్ల కింద యుద్ధం చేసి గెలిచాడు. అడవికి పచ్చనాకుల అడవి అని కొత్త పేరు పెట్టారు. లోత్‌లోరియెన్ ఖాళీ అయ్యాక కూడా అక్కడి జనం ఏ చీకూ చింతా లేకుండా ఉన్నారని అనుబంధంలో ఉంది.

లోత్‌లోరియెన్ నుంచి ఏమీ మిగల్లేదా అంటే, ఒకటి మిగిలింది. ఆ ఊరు నిలబడ్డ చెట్టు పేరు మల్లోర్న్. వెండి రంగు మాను, శీతాకాలమంతా రాలకుండా ఉండే బంగారు ఆకులు. నిజానికి అది అక్కడి చెట్టే కాదు. సముద్రం అవతలి ఎరెస్సెయా దీవి నుంచి నూమెనోర్‌కి వచ్చింది. అక్కడి రాజు ఆల్దారియోన్ విత్తనాలను గిల్-గలాద్‌కిచ్చాడు. ఆయన నేలలో అవి మొలకెత్తలేదు. ఆయన గలాడ్రియెల్‌కిస్తే ఆవిడ చేతిలో పెరిగాయి. వెళ్ళిపోయేవాళ్ళకు కానుకలిచ్చిన రోజున ఆవిడ తోటమాలి శామ్‌కి ఒక చిన్న పెట్టె ఇచ్చింది, అందులో తన తోట మట్టి, ఒకే ఒక్క మల్లోర్న్ గింజ. అదే రోజు గిమ్లీ ఆవిడ వెంట్రుక ఒక్కటి అడిగితే మూడు ఇచ్చింది, ఆ డ్వార్ఫుల పగ సంగతి తెలిసి కూడా. శామ్ ఆ గింజను తన ఊరు హాబిటన్‌లో, యుద్ధంలో ఎవరో నరికేసిన చెట్టు చోట నాటాడు. షైర్ లెక్కలో 1420 ఏప్రిల్‌లో అది పూసింది. చూడ్డానికి దూరదూరాల నుంచి జనం వచ్చేవారట.

పిల్లలకు చదివి పెట్టాలనుకునేవాళ్ళు 'ద హాబిట్' తో మొదలుపెట్టండి, సిల్మరిలియన్ వాళ్ళు పదిహేనేళ్ళు దాటాక. ఎల్ఫుల పేర్లలో 'సి' అక్షరం వచ్చిన చోటల్లా 'క' అని పలకాలి. సెలెబోర్న్ అంటే మా ఇంట్లో ఊరుకోరు.