తెల్లమచ్చ, ఆలుచిప్ప, మన డ్రెయిను

పోయిన నెల గట్టు మీద ఒక కుర్రాడు అడిగాడు, "బాబాయ్, టైగర్ రొయ్యకి అంత రేటు ఉండేదంటారు, మరెందుకు మానేశారు?" అని. వాడు అప్పటికి పుట్టనే లేదు. అందుకే ఈ పోస్టు.

1990 దాటాక మన గోదావరి జిల్లాల సముద్రపు వార ఊళ్ళలో పల్లపు భూములన్నీ టైగర్ చెరువులయ్యాయి. 1994 చివర, 95లో వైట్ స్పాట్ దిగింది. పొద్దున్నే వెళ్తే రొయ్యలు మేత ముట్టకుండా గట్టు వార చేరేవి. తల మీద పెంకు ఒలిచి వెలుతురుకి పెడితే తెల్లటి చుక్కలు. వారం, పది రోజుల్లో చెరువు ఖాళీ. 1992, 93లోనే తైవాన్, చైనా, జపాన్‌లో ఇదే జరిగిందని తర్వాత తెలిసింది. పిల్లతో, నీళ్ళతో, పీతలతో పాకే వైరస్ అని మాకేం తెలుసు? మేత మంచిది కాదన్నారు, దిష్టి అన్నవాళ్ళూ ఉన్నారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి తీరం చెరువులకి ఇంకో గొడవ, అది వేరే పోస్టులో రాస్తాను.

నా తప్పు ఒకటి చెప్పాలి. నాది ఎకరన్నర చెరువు. చచ్చినవి చూసి బెదిరిపోయి రాత్రికి రాత్రి తూము ఎత్తేసి నీళ్ళు డ్రెయిన్లోకి వదిలేశాను. దిగువ చెరువాయన ఆ డ్రెయిన్లోంచే తోడుకున్నాడు. ఎనిమిదో రోజుకి ఆయనదీ పోయింది. నన్నేమీ అనలేదు, తెలీదు కాబట్టి.

ఫ్రాన్సులో సముద్రపు వార ఆలుచిప్పలు పెంచుతారు, పచ్చివే తింటారట. 1970 ప్రాంతంలో ఒక వైరస్ వచ్చి వాళ్ళ పోర్చుగీసు రకం తుడిచిపెట్టుకుపోయింది. జపాను రకం తెచ్చుకున్నారు. 2008 వేసవిలో దానికి హెర్పిస్ వైరస్ పట్టి, ఏడాది లోపు పిల్లలు కుప్పలుగా చచ్చాయి. నీళ్ళు 16 డిగ్రీలు దాటితే చాలు, విజృంభిస్తుంది. ఆలుచిప్పల్లో ఇలాంటి వైరస్‌ని మొదట చూసింది 1972లో, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో. మనిషి పెదవి మీద పొక్కులు తెచ్చే హెర్పిస్‌కి ఇది దూరపు చుట్టం, మనుషులకి అంటదు. దీని దాయాది 2005 చివర ఆస్ట్రేలియాలో విక్టోరియా ఫారాల్లో అబలోన్ అనే పెద్ద నత్తలకి పట్టింది, 2006లో సముద్రంలో ఉన్నవాటికీ పాకింది.

మన వైట్ స్పాట్ హెర్పిస్ కాదు, దాని కుటుంబం వేరు. కానీ రొయ్యకైనా ఆలుచిప్పకైనా మనకీ గేదెకీ ఉన్నట్టు యాంటీబాడీలు ఉండవు. గాలికుంటుకి వేయించినట్టు టీకా వేయించి నిశ్చింతగా పడుకోవడం కుదరదు.

ఫ్రాన్సు వాళ్ళలాగే మనమూ రకం మార్చాం. 2009లో వనామీకి అనుమతి వచ్చింది, బయటి దేశాల తల్లి రొయ్యల్ని చెన్నైలో క్వారంటైన్‌లో పెట్టి ఇస్తున్నారు. ఎస్పీఎఫ్ అంటే రోగం రాని పిల్ల అని మనలో చాలామంది అనుకుంటారు. కాదండి. ఫలానా రోగాలు లేని తల్లి అని, అంతే. చెరువులోకి వైరస్ వస్తే వనామీకీ వైట్ స్పాట్ వస్తుంది. వస్తూనే ఉంది కూడా.

మొన్న ఆ కుర్రాడి చెరువులోనే చుక్కలు కనపడ్డాయి. నేను వెళ్ళేసరికి తూము దగ్గర నిలబడి ఉన్నాడు. 95 సంగతి మొదటిసారి నోరు విప్పి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తూము బిగించి, బ్లీచింగ్ కొట్టి, నీళ్ళు లోపలే నిలగట్టాడు. దిగువన మూడు చెరువులున్నాయి. నిన్న సాయంత్రం చెక్ ట్రేలు లేపి చూశాం, మేత తింటున్నాయి.