దివిటీ మొదలు సీరియల్ సెట్టు వరకు

గత నెల కార్యవర్గ సమావేశంలో ఒక చిన్న విషయం మీద పెద్ద చర్చ జరిగింది. పెన్షనర్ల దినోత్సవానికి మన భవనానికి లైట్లు అద్దెకు వేయించడమా, లేక బజారులో సెట్లు కొని మనమే కట్టుకోవడమా అన్నది. నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది గనుక ఆ రోజు మనకు పండుగే. పండుగకు దీపాలు ఉండవలసిందే, అందులో పేచీ లేదు. నిచ్చెన ఎవరు ఎక్కాలన్న దగ్గరే పేచీ వచ్చింది. ఆ సందర్భంలో నేను చెప్పిన నాలుగు ముక్కలు సంపాదకులు గారు వ్రాసి ఇమ్మన్నారు. ఆ రోజు చెప్పనిది కూడా ఒకటి ఇందులో చేర్చాను.

నా చిన్నతనంలో మా నందివాడ వైపు ఇంటికి దీపాలు కట్టడం అనే మాటే లేదు. దీపావళికి ప్రమిదలు అరుగుల మీద, తులసికోట దగ్గర, పిట్టగోడ ఉన్నవారు పిట్టగోడ మీద వరుసగా పెట్టేవారు. ఎత్తున వెలిగే దీపమంటే కార్తీకమాసంలో గుడి ధ్వజస్తంభానికి తాడుతో పైకి లాగే ఆకాశదీపం ఒక్కటే. క్రైస్తవ సోదరులు క్రిస్మస్‌కు వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, రంగుకాగితం అంటించి, లోపల దీపం పెట్టి గడకు వేలాడదీసేవారు. అదీ ఇంటికి కాస్త ఎడంగానే. కారణం తెలిసిందే, ఎక్కువ ఇళ్ళు తాటాకువి. తాటాకు చూరుకు నిప్పు తగిలించే సాహసం ఎవరు చేస్తారు?

అయితే వెలుగు కోసం మనిషిని పిలిపించుకోవడం అంతకు ముందు నుంచీ ఉన్నదే. పెళ్ళి ఊరేగింపులలో, దేవుడి ఉత్సవాలలో రజకులు దివిటీలు పట్టేవారు. ఆ తరువాత పెట్రోమాక్సు లైట్లు వచ్చాయి. బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ అనే ఆయన కంపెనీ 1910 ప్రాంతంలో తయారుచేసిన దీపం అది. మా వాళ్ళు గ్యాసు లైటు అనేవారు గాని అందులో పోసేది కిరసనాయిలే. పెళ్ళికి గుడివాడ నుంచి అద్దెకు తెచ్చేవారు. లైట్లతో పాటు వెలిగించే మనిషీ రావలసిందే, ఎందుకంటే అది గృహస్థుకు చేతనయ్యే పని కాదు. మేంటిల్ కట్టాలి, స్పిరిట్ పోసి వేడిచేయాలి, పంపు కొట్టాలి, సన్నని పిన్నుతో రంధ్రం శుభ్రం చేయాలి. ఒక్క కుదుపుకు మేంటిల్ బూడిదై రాలిపోయేది. అలా రాలితే దాని ఖరీదు మోసేవాడి కూలిలో తగ్గించడం నేను కళ్ళారా చూశాను. తలమీద చుట్టకుదురు, దాని మీద లైటు, చుట్టూ పురుగులు. దీపం అడుగున నూనె తొట్టి ఉంటుంది గనుక దాని నీడ సరిగ్గా మోసేవాడి ముఖం మీదే పడేది. పెళ్ళికొడుకు ముఖం మాత్రం దేదీప్యమానంగా కనిపించేది.

1977 నవంబరు 19 ఉప్పెన తరువాత నన్ను అవనిగడ్డ వైపు రిలీఫ్ డ్యూటీకి పంపారు. అప్పటికి నేను ఎల్.డి.సి.ని. కరెంటు స్తంభాలు నేలమట్టమయ్యాయి. రాత్రిళ్ళు బియ్యం పంపకం పెట్రోమాక్సు వెలుగులోనే చేశాం. పెళ్ళిళ్ళలో చూసిన లైట్లు అక్కడ చూడడం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు 1959 ఏప్రిల్ 1న ఏర్పడింది. గ్రామాల విద్యుదీకరణకు అప్పులిచ్చే కేంద్ర కార్పొరేషన్ 1969లో వచ్చింది. కాని కరెంటు వచ్చినంత మాత్రాన ఇళ్ళకు దీపాల తోరణాలు రాలేదు. అవి డాబాలతో వచ్చాయి. మా ప్రాంతంలో వరిచేలు చేపల చెరువులుగా మారడం, చేతిలో డబ్బు ఆడడం, తాటాకు పోయి డాబా లేవడం ఒకదాని వెంట ఒకటి జరిగాయి. డాబా పిట్టగోడ నుంచి నేలదాకా జలతారులాగా వ్రేలాడే సీరియల్ సెట్లు అప్పుడే మొదలయ్యాయి. మైకుసెట్టు వాళ్ళే లైట్లూ తెచ్చేవారు.

సీరియల్ సెట్టు కిటుకు చాలామందికి తెలియదు. ఆరు వోల్టుల చిన్న బల్బులు నలభై దాకా ఒకదాని వెనుక ఒకటి కలిపితే 230 వోల్టుల కరెంటును పంచుకుంటాయి. ఒక్కటి మాడితే వరుసంతా ఆరిపోతుంది. ఆ ఒక్కటి ఏదో వెతికి పట్టుకోవడమే లైట్లవాడి విద్య. పాత బల్బులు ఊడదీసి అతికిన చోటల్లా టేపు ఊడుతూ ఉండేది. షాకు కొట్టేది అక్కడే.

అమెరికాలోనూ ఇలాగే మొదలయిందట. ఎడిసన్ కంపెనీలో ఎడ్వర్డ్ జాన్సన్ అనే పెద్ద ఉద్యోగి 1882 డిసెంబరులో న్యూయార్కులో తన ఇంటి క్రిస్మస్ చెట్టుకు 80 కరెంటు దీపాలు పెట్టాడు. తరువాత ఇరవై యేళ్ళ దాకా అది వైర్‌మన్‌ను పిలిపించుకోగల ధనవంతుల వేడుకే. 1903 ప్రాంతంలో ముందే కలిపిన సెట్లు అమ్మకానికి వచ్చాక గాని మధ్యతరగతికి అందలేదు. ఇప్పుడు అక్కడ లైట్లు కట్టి, పండుగ కాగానే విప్పి పట్టుకెళ్ళే కంపెనీలు ఉన్నాయని డల్లాసులో ఉన్న మా అబ్బాయి చెప్పాడు. మన తెలుగువాళ్ళు దీపావళికే కట్టించుకుంటే క్రిస్మస్ దాకా పనికివస్తాయట. లెక్క చూసుకోవడంలో మనవాళ్ళు ఎక్కడున్నా మనవాళ్ళే.

ఇక నా సంగతి. 1996లో మా అమ్మాయి పెళ్ళికి డాబాకు లైట్లు పెట్టించాను. సొంతంగా సెట్లు కొనుక్కుని పని చేసుకునే ఒక పాతికేళ్ళ అబ్బాయి వచ్చాడు. రూ. 600/-లు అడిగాడు. "అందులో నూటయాభై తోడు కుర్రవాడికి బాబాయిగారూ, నిచ్చెన పట్టుకోవాలిగా" అన్నాడు. జీవితమంతా బిల్లుల్లో కోతలు పెట్టిన చేయి నాది. "ఇంటినిండా చుట్టాలు, నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కరువా? నాలుగువందల యాభై" అన్నాను. ఒప్పుకున్నాడు. సాయంత్రం వియ్యాలవారి బస్సు వచ్చింది. నిచ్చెన పట్టుకున్న మా మేనల్లుడు బస్సు దగ్గరకు పరుగెత్తాడు. నిచ్చెన జారింది. కుడిభుజం విరిగింది. అప్పటికి లైట్లు చాలావరకు కట్టేశాడు. ఆ రాత్రి అవి చక్కగా వెలిగాయి. అందరూ మెచ్చుకున్నారు.

పెళ్ళయిన మూడోరోజున ఆఫీసులో 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టం తీసి చదివాను. యజమాని వ్యాపారానికి సంబంధం లేని పనికి ఏదో అప్పటికప్పుడు పెట్టుకున్న మనిషి ఆ నిర్వచనంలోకి రాడని ఉంది. నాకు ఊరట కలిగింది. సమావేశంలో చెప్పనిది ఈ ఒక్క మాటే. ఇన్నేళ్ళలో మా ఇంట్లో కూడా చెప్పలేదు. కట్టు ఖర్చులకని కొంత ఇచ్చాను, చట్టం అడగనిది ఇస్తున్నాననే ధోరణిలో. ఆ మినహాయింపును 2000 సంవత్సరపు సవరణలో తీసివేశారు. అతని చేయి మాత్రం భుజం పైకి లేవలేదు. నిచ్చెన పని మానేసి, చేపల చెరువుల మోటార్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఎదురైతే ఇప్పటికీ "బాబాయిగారూ, అమ్మాయిగారు బాగున్నారా?" అంటాడు.

ఇప్పుడు ఎల్.ఇ.డి. సెట్లు చౌక, కరెంటు ఖర్చు స్వల్పం. నీలిరంగు ఎల్.ఇ.డి. కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాని ప్లగ్గు దగ్గర ఉండేది ఆ 230 వోల్టులే, పిట్టగోడ ఎత్తూ తగ్గలేదు. డెబ్బై దాటిన మనం కొన్న సెట్టు చేతపట్టుకుని నిచ్చెన ఎక్కడం ఎందుకు వద్దో వేరే వాదించనక్కరలేదు. కట్టేవారిని పిలిచేముందు మీటరు దగ్గర ఎర్త్ లీకేజీ బ్రేకరు ఉన్నదో లేదో కూడా చూసుకోండి.

చివరకు కమిటీ అద్దెకే తీర్మానించింది, ఏర్పాటు నాకు అప్పగించింది. బేరం ఆడలేదు. వోచరులో మనుషులు ఇద్దరు అని వ్రాశాను. కోశాధికారి గారు కళ్ళద్దాలు పైకి నెట్టి, లైట్లు కట్టేది ఒకడే కదా, రెండోవాడు ఎందుకని అడిగారు. నిచ్చెన పట్టుకోవడానికి అని రిమార్కుల కాలమ్‌లో వ్రాసి సంతకం చేశాను.