తిరుమల ఘాట్ రోడ్డు చూపే శిలాచరిత్ర

1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు, 1974లో దానికి తోడైన రెండో రోడ్డు యాత్రికుల శ్రమను తగ్గించడంతో పాటు, కొండను తొలిచిన చోట్ల భూమి చరిత్రలోని ఒక పెద్ద ఖాళీని కూడా కళ్ళకు కట్టాయి. ఆ కోతల్లో అడుగున కనిపించేది 250 కోట్ల ఏళ్ళు దాటిన గ్రానైటు కాగా, దానిమీద సుమారు 160 కోట్ల ఏళ్ళ నాటివిగా లెక్కించిన నగరి క్వార్ట్జైటు పొరలు, అంటే ఇసుక మేటలు గట్టిపడి ఏర్పడిన కడప శ్రేణి రాళ్ళు, పరుచుకొని ఉన్నాయి. నడుమ గడిచిన దాదాపు 90 కోట్ల ఏళ్ళకు ఇక్కడ రాతిసాక్ష్యం లేదు. ఆ కాలమంతా గ్రానైటు నేల ఎండకూ వానకూ అరిగిపోతూ వచ్చింది. సరిహద్దును ఆనుకొని పై రాతిలో ఇరుక్కున్న నునుపైన గులకరాళ్ళు, ఆ అరిగిన నేలపై మళ్ళీ నీళ్ళు పారాయనడానికి తిరుగులేని ఆధారాలు. భూవిజ్ఞానులు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అని పిలిచే ఈ సంధిరేఖను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించింది. కొండచరియలు జారకుండా చేపట్టే పనులు ఎంత అవసరమైనా, ఈ రేఖను సిమెంటు కింద కప్పేయకుండా కాపాడుకోవాలి.