వదులుకోవడం: కార్ నికోబార్ చెప్పే పాఠం

మొలకెత్తిన కొబ్బరికాయను పగలగొట్టి చూశారా? లోపల కొబ్బరి పువ్వు పెరిగేకొద్దీ నీరూ కొబ్బరీ తరిగిపోతాయి. కాయ దాచుకున్న ఆహారమంతా ఆ పువ్వు ద్వారా మొలకకు చేరుతుంది. క్రైస్తవ జీవనంలో తన్ను తాను వదులుకోవడమంటే ఇలాంటిదే. దీనికి చరిత్రలో ఒక ఉదాహరణ కొబ్బరితోటల దీవి కార్ నికోబార్‌లోనే ఉంది.

ఆ దీవిలోని ముస్ గ్రామంలో పుట్టిన జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదువుకున్నారు. అక్కడే స్థిరపడకుండా తిరిగివచ్చి, తనవారికి ఉపాధ్యాయుడూ మతబోధకుడూ అయ్యారు. 1942-45 మధ్య దీవులు జపాన్ ఆక్రమణలో ఉన్నాయి. గూఢచారులన్న అనుమానంతో ఎందరో నికోబారీలను సైనికులు చంపారు. రిచర్డ్‌సన్‌కూ మరణశిక్ష పడింది. ఇంతలో యుద్ధం ముగియడంతో ఆయన బతికి బయటపడ్డారు.

ఆ తర్వాత ఆయన ఏం చేశారో గమనించండి. బిషప్‌గా తన ప్రజలకు సేవ చేశారు. బైబిలును వారి భాషలోకి తెచ్చే కృషిలో పాలుపంచుకున్నారు. 1952లో నామినేటెడ్ సభ్యుడిగా తొలి లోక్‌సభలో అండమాన్ నికోబార్ దీవుల గొంతు వినిపించారు. 1975లో పద్మభూషణ్ పొందారు.

యుద్ధం బలవంతంగా లాక్కున్నది త్యాగం కాదు. మిగిలిన ప్రాణాన్ని తనకోసమే దాచుకోకపోవడం త్యాగం. ఆత్మ ఎదుగుదల అక్కడే మొదలవుతుంది. మరి మీ చదువు ఏ మొలకకు ఆహారం కాబోతోంది? ఆలోచించండి.