కలెక్టరు గారికి ముందుగా ఒక ఉత్తరం

"వచ్చే సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు మా ఊరి రావిచెట్టు కింద నిలబడి, యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడతాను."

చేవ్రాలు పెట్టి కవరు అంటించాడు. కలెక్టరే జిల్లా మేజిస్ట్రేటు కూడా. ఎప్పుడు, ఎక్కడ చట్టాన్ని ధిక్కరించబోతున్నాడో ఆయనకు ముందే తెలియజేయాలి. అది గాంధీ పెట్టిన షరతు.

ఈ మనిషికి నేను పేరు పెట్టడం లేదు. 1940-41 వ్యక్తి సత్యాగ్రహంలో నడిచిన మామూలు రైతుల్లో ఒకడిగా ఇతణ్ణి ఊహించుకున్నాను. మాటలు నేను కల్పించినవి. నియమాలు, చట్టం, జైలు మాత్రం నిజం. ఊరు పెన్న ఒడ్డున, పల్లెపాడుకు దగ్గర్లో అనుకుందాం. ఆ పల్లెపాడులోనే 1921 ఏప్రిల్ 7న గాంధీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. పొణకా కనకమ్మ ఇచ్చిన నేలలో, దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యల పూనికతో అది లేచింది. ఇరవయ్యేళ్లుగా రాట్నం తిరుగుతున్న ప్రాంతమది. నూలు వడకని వాడి పేరు గాంధీ ఆమోదించే సత్యాగ్రహుల జాబితాలోకి ఎక్కేది కాదు.

"కోతల కాలంలో ఇదేం పని నాయనా? ఆ యుద్ధమెక్కడ, మనమెక్కడ?" అంది తల్లి.

"అదేనమ్మా నేనూ అడగబోయేది."

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఈ దేశంలో ఒక్కరినీ అడక్కుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు దిగిపోయాయి. మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతోపాటు బుచ్చిరెడ్డిపాళెం వారైన బెజవాడ గోపాలరెడ్డి కూడా పదవి వదిలారు. ఆ తరువాత గవర్నరు యుద్ధనిధి వచ్చింది. ఆ డబ్బుకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 79వ స్క్వాడ్రన్‌కు 'మద్రాసు ప్రెసిడెన్సీ' అన్న పేరు పడింది. బెర్లిన్ ఏ దిక్కున ఉందో తెలియని మనుషుల డబ్బు యుద్ధ విమానాలకు పోయింది.

ఈ సత్యాగ్రహులు హిట్లరు పక్షం కాదు. ఈ మాట గట్టిగానే చెప్పాలి. బ్రిటన్ ప్రాణాపాయంలో ఉండగా దాన్ని ఇరుకున పెట్టకూడదనే గాంధీ జనసమూహాలను కదిలించలేదు, ఒక్కొక్కరినే పంపారు. అంతకుముందు, 1940 సెప్టెంబరులో వైస్రాయిని కలిసి, యుద్ధం వద్దని చెప్పుకొనే స్వేచ్ఛ మాత్రం ఇవ్వమన్నారు. కుదరదన్నారు. బ్రిటన్‌లో మనస్సాక్షి ఒప్పుకోక తుపాకి పట్టనన్నవాళ్లు దాదాపు 60 వేల మంది. వాళ్ల మాట వినడానికి అక్కడ ప్రత్యేకంగా ట్రిబ్యునళ్లు పెట్టారు. మన రైతు మాట వినడానికి ఏ ట్రిబ్యునలూ లేదు. ఉన్నది అలా మాట్లాడినవాణ్ణి పట్టుకునే భారత రక్షణ నిబంధనలు. నాకు ఈ తేడా ఇప్పటికీ మింగుడుపడదు. స్వేచ్ఛ కోసమే పోరాడుతున్నామన్న ప్రభుత్వం, ఆ స్వేచ్ఛలో ఒక చిన్న ముక్కను కూడా ఇక్కడి వాడికి దక్కనివ్వలేదు.

1940 అక్టోబరు 17న పౌనారులో వినోబా భావే మొదటి సత్యాగ్రహిగా మాట్లాడారు. నాలుగు రోజులకు అరెస్టయ్యారు. డిసెంబరులో రాజాజీ జైలుకెళ్లారు. శాసనసభ్యుల వంతు తరువాత ఊళ్ల వంతు వచ్చింది.

సోమవారం. రావిచెట్టు కింద పట్టుమని పాతికమంది లేరు. నూలు దండ వేశారు. అందరికీ గాంధీ ఒకే సందేశం ఇచ్చారు కాబట్టి ఉపన్యాసం తడుముకునే పని లేదు: బ్రిటిష్ యుద్ధ ప్రయత్నానికి మనిషిని గానీ, డబ్బు గానీ ఇవ్వడం తప్పు; ఏ యుద్ధాన్నయినా అహింసతో ఎదిరించడమే సరైన పని. రెండోసారి చెప్పేలోపే సబిన్‌స్పెక్టరు ముందుకొచ్చాడు.

"పదండి."

"పోదాం పదండయ్యా. ఉత్తరం అందిందిగా?"

ఒకవేళ అరెస్టు చేయకపోతే? అదే మాట చెబుతూ ఊరూరా నడుస్తూ ఢిల్లీ వైపు సాగాలి. కొందరికి జరిమానా, కొందరికి జైలు. 1941 నడిమికి దేశమంతటా శిక్ష పడినవాళ్లు 20 వేలు దాటారు.

అదే తీరంలో ఇంకో దారి కూడా ఉంది. ఆ దారిలో ఉత్తరాలు లేవు. విడవలూరు దగ్గరి అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య అప్పటికి అజ్ఞాతంలో ఉన్నారు. ఇది సామ్రాజ్యవాదుల యుద్ధమని, దమ్మిడీ ఇవ్వొద్దని, సైన్యంలో చేరొద్దని కమ్యూనిస్టులు రహస్యంగా అచ్చేసి పంచేవారు. ఒకడు పట్టపగలు పోలీసుకు ఎదురెళ్లాడు, ఇంకొకడు రాత్రి పోలీసు కన్నుగప్పి తిరిగాడు. చెప్పిందొకటే. నా మనసు మొదటివాడి వైపే మొగ్గుతుంది. కానీ నెలల తరబడి ఇల్లూ ఊరూ వదులుకుని తిరిగినవాడి తెగువ తక్కువదని అనలేను.

1941 జూన్ 22న హిట్లరు సోవియట్ రష్యా మీద పడ్డాడు. దాంతో లెక్కలు మారాయి. ఆ ఏడాది చివరికల్లా కమ్యూనిస్టు పార్టీ అదే యుద్ధాన్ని ప్రజాయుద్ధమంది. డిసెంబరు మొదట్లో ప్రభుత్వం సత్యాగ్రహులను వదిలిపెట్టింది. మన రైతు ఊరు చేరేనాటికి జపాను కూడా యుద్ధంలోకి దిగింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. మద్రాసు చాలావరకు ఖాళీ అయింది. ఎక్కడో అనుకున్న యుద్ధం బంగాళాఖాతం ఒడ్డుకే వచ్చింది.

జులైలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. అజ్ఞాతంలో ఉన్నవాళ్లు బయటికొచ్చారు. ఆగస్టులో క్విట్ ఇండియా మొదలైంది, కాంగ్రెసు వాళ్లు మళ్లీ లోపలికి వెళ్లారు. ఈసారి కలెక్టరుకు ముందుగా ఉత్తరం రాసే వ్యవధి కూడా దొరకలేదు.