‘ఎఫీట్’ అంటే ఏమిటి? పశువుల కొట్టం నుంచి రాజకీయ తిట్టు దాకా

ఇంగ్లిష్ పత్రికల్లో రాజకీయ వ్యాసాలు చదివేవారికి ‘ఎఫీట్’ అనే విశేషణం అప్పుడప్పుడు ఎదురవుతుంది. పాలకవర్గాన్నో, మేధావులనో, ఒక నాగరికతనో తీసిపారేయడానికి దీన్ని వాడతారు. సత్తువ ఉడిగిన, సుఖాలకు అలవాటుపడి దిగజారిన, ఏ పనీ చేతకాని అని అర్థం. మగవాళ్ల గురించి అంటే ‘ఆడంగి’ అనే ఎత్తిపొడుపు కూడా అందులో ఉంటుంది.

ఎక్కడ పుట్టింది?

దీని మూలం లాటిన్‌లోని ‘ఎఫెటస్’. ‘ఎక్స్’ అంటే బయటికి, ‘ఫెటస్’ అంటే ఈత, సంతానం. గర్భస్థ పిండానికి డాక్టర్లు వాడే ‘ఫీటస్’ కూడా ఇదే మాట. ఈని ఈని అలసిపోయిన పశువును ‘ఎఫెటస్’ అనేవారు. పంటలు ఇచ్చి ఇచ్చి సారం పోయిన పొలానికీ ఇదే మాట. వ్యవసాయంపై రాసిన ‘జార్జిక్స్’ కావ్యంలో రోమన్ కవి వర్జిల్ ఆ అర్థంలోనే వాడారు.

17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు కూడా ఈత ఉడిగిన పశువులనే సూచించేది. ఆ తర్వాత శక్తి అయిపోయిన దేనికైనా వాడసాగారు. 18వ శతాబ్దం చివరికి నైతికంగా దిగజారిన అనే అర్థం చేరింది. దగ్గరగా వినిపించే ‘ఎఫెమినేట్’ అర్థమూ క్రమంగా ఇందులో కలిసింది.

ఈ మార్పులో ఒక విషయం మరుగున పడింది. మూలార్థం ప్రకారం ఆ పశువు పుట్టుకతో బలహీనమైనది కాదు. ఎంతో ఇచ్చాకే అలసిపోయింది.

అవధ్‌లో ఏం జరిగింది?

బ్రిటిష్ పాలకులు భారతీయ సంస్థానాలకు వేసిన ముద్ర సరిగ్గా ఇలాంటిదే. అవధ్ నవాబు వాజిద్ అలీ షా కథక్‌ను, ఠుమ్రీని ఆదరించారు. విలాసాల్లో మునిగి పాలన గాలికొదిలేశారంటూ 1856లో డల్హౌసీ హయాంలో కంపెనీ ఆ రాజ్యాన్ని కలిపేసుకుంది.

కానీ 1801 ఒప్పందంతో అవధ్ భూభాగంలో దాదాపు సగాన్ని తీసుకున్నది కంపెనీయే. నవాబుల ఖజానా నుంచి భారీగా అప్పులు తీసుకున్నదీ అదే. అంతకు ఏడాది ముందు నిజాం నుంచి దత్తమండలాలు పోయింది కూడా ఇలాంటి సైన్య సహకార ఒప్పందంతోనే. పాలు పిండుకున్నవాళ్లే పశువు వట్టిపోయిందని నింద వేశారు.

అమెరికాలో ఎందుకు మార్మోగింది?

1969 అక్టోబర్ 15న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అమెరికా అంతటా నిరసనలు జరిగాయి. కొద్దిరోజులకే ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ న్యూ ఆర్లియన్స్‌లో మాట్లాడుతూ, ఆ నిరసనలను ప్రోత్సహిస్తున్న మేధావులను ‘ఎఫీట్’ గుంపుగా, పొగరుబోతులుగా ఎద్దేవా చేశారు. ఆ దెబ్బతో ఈ మాట అందరి నోళ్లలో నానింది.

మరుసటి ఏడాది ఆయన తన విమర్శకులను ఎప్పుడూ వ్యతిరేకంగానే వాగే ‘నేబాబ్’లన్నారు. ఆ ప్రసంగం రాసింది విలియం సఫైర్. ‘నేబాబ్’ అంటే మన నవాబే. కంపెనీ కొలువులో డబ్బు మూటగట్టుకుని ఇంగ్లండ్ చేరినవాళ్లను 18వ శతాబ్దంలో అక్కడ అలా వెక్కిరించేవారు.

ఈ రెండు మాటలూ చేసిన పని ఒక్కటే. యుద్ధం తప్పా, ఒప్పా అనే ప్రశ్నను పక్కనపెట్టి, అడిగినవాళ్ల మగతనం మీదికి, హోదా మీదికి చర్చను మళ్లించాయి.

తెలుగులో ఏమనాలి?

అనువాదంలో ‘నిర్వీర్యమైన’ అనే మాట వెంటనే తడుతుంది. కానీ దాని వెనకున్నది వీర్యం, అంటే మగతనపు ఉపమానం. ‘ఎఫీట్’ వెనకున్నది తల్లి పశువు. మూలానికి దగ్గరైన మాట మన ఊళ్లలోనే ఉంది: ‘వట్టిపోయిన’. ఆవు వట్టిపోయిందంటే పాలివ్వడం మానేసిందని రైతుకు తెలుసు. అంతకుముందు ఎన్ని ఈతలు ఈనిందో, ఎన్నేళ్లు పాలిచ్చిందో కూడా తెలుసు.

తిట్టుగా వాడిన చోట ‘చేవచచ్చిన’ అంటే సరిపోతుంది. అయితే ఎవరినైనా ‘ఎఫీట్’ అన్నారని చదివినప్పుడు ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది. వాళ్లు నిజంగానే వట్టిపోయి ఉంటే, పాలు ఎవరు పిండుకున్నారు?