పేరు, పెండ్లి, పంక్తి

మన సంఘముల సంచికలలో చరిత్ర యనగానే వీరపాండ్య కట్టబొమ్మని కథ వచ్చును. 1799లో కయత్తారులో ఉరితీయబడిన ఆ పాలెగాడు ఇంట తెలుగు మాటలాడినవా డగుటచే మనకు ఆ గర్వము సహజమే. కాని చరిత్ర కోటల యొద్దనే జరుగదు. పేరు వ్రాసుకొనుటలోను, పెండ్లి చేయుటలోను, పంక్తిలో కూర్చుండుటలోను కూడ జరుగును. సమత్వమును నమ్ముచున్నామని సభలో చెప్పుట సులభము; దానిని ఇంటిలో నడపుట కష్టము. కోవిల్పట్టి, విరుదునగరముల చుట్టునున్న ఈ నల్లరేగడి సీమలో ఆ కష్టమున కోర్చినవారు కొందరు కలరు. వారిని గూర్చి కొన్ని మాటలు మనవి చేయుదును.

మొదటిది పేరు. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ, పేర్ల చివరనున్న కులనామములను విడువవలెనని కోరెను. ఈ.వె. రామస్వామి గారు తమ పేరు చివరనుండిన 'నాయకర్' అను మాటను వదలుకొనిరి. 1931లో ఆ మహాసభ మన విరుదునగరములోనే జరిగెను. కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున 1922లో తెలుగింట జన్మించిన రచయిత కి. రాజనారాయణన్ గారికి పెద్దలు పెట్టిన పేరు బహు దీర్ఘమైనది; అదియు 'నాయకర్' అనియే ముగియును. ఆయన దానిని కుదించుకొని, లోకమునకు 'కి.రా.' అయిరి. రైతు ఉద్యమములలో పాల్గొనిరి. వలసవచ్చిన మనవారి కథను 'గోపల్ల గ్రామం' అను నవలగా తమిళమున వ్రాసిరి. 2021లో కీర్తిశేషులైరి. కులనామము విడిచినంత మాత్రమున ఆయన తెలుగుదనమునకు లోపమేమియు కలుగలేదు.

గుమాస్తాగా పెక్కేండ్లు రిజిస్టరులలో పేర్లు వ్రాసినవాడను. తండ్రి పేరులోని తొలి అక్షరము, ఆపైన తన పేరు, అంతియే. కులము తెలుపు పేరు నా కలమునకు అరుదుగా తగిలెను. అట్లు వ్రాయవలెనని ఏ చట్టమును నిర్బంధింపలేదు. ఒక్కొక్క యింటివారు తమంత తాము మానుకొనగా వచ్చిన మార్పు అది. కాని మన యిండ్ల శుభలేఖలలో ఆ విడిచిన మాట మరల కనబడుచుండుట మీరును చూచియుందురు.

రెండవది పెండ్లి. 1928లో అరుప్పుక్కోట్టకు సమీపమున సుక్కిలనత్తము అను పల్లెలో, రామస్వామి గారి యధ్యక్షతన, పురోహితుడు లేకుండ ఒక వివాహము జరిగెను. ఆత్మగౌరవ వివాహములలో అది మొదటి దని చెప్పుదురు. ఆంధ్రదేశమున అంతకుముందే 1881లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. త్రిపురనేని రామస్వామి చౌదరి గారు పెండ్లితంతు వధూవరులకు అర్థము కావలెనని 'వివాహవిధి'ని తెలుగులో రచించిరి.

ఇట్టి పెండ్లిండ్లు చేసికొన్నవారికి బంధువుల యాగ్రహము ఒక్కటియే కాదు, మరియొక చిక్కును కలిగెను. 1953లో మద్రాసు హైకోర్టు అట్టి వివాహము శాస్త్రరీత్యా చెల్లదని తీర్పు చెప్పెను. ఇల్లాలు ధర్మపత్ని యగునా, బిడ్డలకు ఆస్తి చెందునా యనునవి సందేహములయ్యెను. 1967లో అణ్ణాదురై గారి ప్రభుత్వము హిందూ వివాహ చట్టమును సవరించి, జరిగిపోయిన వివాహములకు కూడ చెల్లుబాటు కల్పించెను. సుక్కిలనత్తము పెండ్లి మొదలు ఆ సవరణ వరకు 39 సంవత్సరములు. అంతకాలము ఆ దంపతులు చట్టము అండ లేకయే కాపురములు చేసిరి. నడక ముందు వారిది. చట్టము తరువాత వచ్చినది. 1960లో గోరా గారి కుమారుడు లవణం గారును, మహాకవి జాషువా గారి కుమార్తె హేమలత గారును కులమెంచక ఒకటైనదియు ఈ త్రోవనే.

మూడవది పంక్తి. విరుదునగరములో నాడార్లు ఆలయ ప్రవేశమునకు సైతము నోచుకొనని దినములలో, ఇంటింట పిడికెడు బియ్యము తీసియుంచి, ఆ బియ్యముతో క్షత్రియ విద్యాశాలను నిలిపిరి. కుండలో పోయబోవు బియ్యమునుండి ఒక పిడికెడు వేరు చేసిన ఇల్లాండ్ర పేర్లు ఏ చరిత్ర గ్రంథమునందును లేవు. ఆ బడిలో చదివి, తండ్రి మరణముచే చదువు చాలించిన బాలుడే కామరాజ్ గారు. 1954లో ముఖ్యమంత్రియై, 1956లో బడులలో మధ్యాహ్న భోజన పథకమును ప్రారంభించిరి. పిడికెడు బియ్యపు బడి పిల్లవాడు ఎల్లపిల్లలకు అన్నము పెట్టెను.

ఇక మన పంక్తి మాట. ఈ జిల్లాలలోని అరుంధతీయులలో పెక్కుమంది ఇంట మాటలాడునది తెలుగే. తల్లి జోలపాడు భాష ఒక్కటియే. వీధి మాత్రము వేరు. 2009లో తమిళనాడు ప్రభుత్వము వారికి 3 శాతము ప్రత్యేక కోటా ఏర్పరచెను. అట్టి ఉపవర్గీకరణము రాజ్యాంగసమ్మత మని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ప్రభుత్వము చేయదగినది ప్రభుత్వము చేసెను. మనమో, భాషాల్పసంఖ్యాకులము, ఇంతమందిమి కలము, బడిలో తెలుగు నిలుపుడని అర్జీ పెట్టునపుడు వారినికూడ లెక్కలో చేర్చుకొందుము. ఉగాది విందునకు ఆహ్వానములు పంచునపుడు ఆ వీధిని మరతుము.

సంఘములోనికి రాజకీయములు తేరాదని కొందరు పెద్దలు అందురు. పార్టీలను గూర్చి యైన ఆ మాట సబబే. కాని ఎవరిని పిలువవలెను, ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెను అను ప్రశ్నకు మనము ఏటేట ఏదో యొక సమాధానము చెప్పుచునే యున్నాము. పిలువకుండుటయు ఒక సమాధానమే. రాబోవు ఉగాదికి కార్యవర్గము వారు పేర్ల పట్టీ వ్రాయ కూర్చుండునపుడు, అర్జీకొరకు వ్రాసిన పట్టీనే ముందుంచుకొందురు గాక. ఆ రెండు పట్టీలు ఒక్కటియైన నాడు, మన తెలుగువారమెంతమందిమో మనకే తెలియును.